గుమ్మడికాయలకు మగదిక్కు

మొగుళ్ళు సరిహద్దుకు వెళ్ళిన ఆడవాళ్ళూ, తండ్రులు సరిహద్దుకు వెళ్ళిన పిల్లలూ దిగులు పడకుండా ఉండాలంటే వాళ్ళకు దయ్యాలను చూపించాలని పైనుంచి ఆర్డరు వచ్చింది.

పైన అంటే ఎంత పైనో నాకు తెలియదు. మా క్వార్టర్లు సికింద్రాబాదు అవతల ఉన్నాయి. పటాలం ముందుకు కదిలినప్పుడు వెనక మిగిలిన కుటుంబాలను ఉంచే చోటది. నలభై గడపలు. ఏ గడపలోనూ మగవాడు ఉండడు, ఉంటే ఆ ఇల్లు ఇవ్వరు. మా అబ్బాయి పైడిరాజు హవల్దారు. వాడు వెళ్ళేటప్పుడు కోడలు హైమకూ, ఏడేళ్ళ మనవరాలు జోషితకూ తోడుగా ఉండమని నన్ను శ్రీకాకుళం వైపునుంచి పిలిపించాడు. తోడు అన్నది మాట వరసకే. ఫోను మోగితే ఒకసారి, మోగకపోతే పదిసార్లు ఉలిక్కిపడే మనిషిని నేను. నోటీసు బోర్డు మీద కాగితం అంటిస్తే ముందుగా పరిగెత్తేదీ నేనే. బడి మొహం చూడకపోయినా పొట్లం కాగితాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నది అందుకే. చెడ్డ కబురు ఇంకొకరు చదివి చెప్పేదాకా ఆగడం నావల్ల కాదు.

ఆ రోజు నోటీసులో చెడ్డ కబురేమీ లేదు. ఇలా ఉంది:

"విదేశములలోని సైనిక కుటుంబములు హాలోవీన్ అను దయ్యముల ఉత్సవము జరుపుకొని ఉత్సాహభరితులగుచున్నట్లు అధ్యయనము వలన తేలినది. కావున మన కుటుంబములు కూడా ఈ నెల ఆఖరి శనివారము సాయంత్రము ఉత్సాహభరితులు కావలెను. హాజరు తప్పనిసరి. దయ్యములు ధైర్యమును పెంపొందించునవిగా ఉండవలెను. చనిపోయిన దయ్యములకు అనుమతి లేదు. ప్రతి కుటుంబము తనకు జారీ చేయబడిన గుమ్మడికాయను తొలిచి, కండ్లు, ముక్కు, నోరు చెక్కి, లోపల దీపము పెట్టవలెను."

దయ్యాల సంగతి ఎవరికీ ఇబ్బంది కాలేదు. తెల్ల దుప్పటి అమంగళం కనుక పసుపు దుప్పటికి కళ్ళకోసం రెండు చిల్లులు పెట్టి హైమ జోషితకు ఒక ధైర్యదయ్యాన్ని కుట్టింది. ఇబ్బందంతా గుమ్మడికాయల లారీ వచ్చాక మొదలైంది.

నిండు గుమ్మడికాయకు ఆడది కత్తి పెట్టకూడదు. మొదటి గాటు మగవాడు పెట్టాలి. ఆ తరవాత పులుసు పెట్టుకుంటారో వడియాలు పెట్టుకుంటారో ఆడవాళ్ళ ఇష్టం. ఇంట్లో మగవాడు లేకపోతే పక్కింటివాణ్ణి పిలిచి చెయ్యి వేయిస్తారు. ఇది మా వైపు మాటే అనుకున్నాను. కాదట. ఎదురింట్లో ఉండే ఛత్తీస్‌గఢ్ పిల్ల తమ దేశంలో గుమ్మడికాయ ఇంటి పెద్దకొడుకుతో సమానమని చెప్పి, కాయకు బొట్టుపెట్టి, కత్తిని తీసుకెళ్ళి అటక మీద దాచేసింది. పక్కింటి సుజాతది నిజామాబాదు. ఆవిడ నోరే మా క్వార్టర్లకు మైకు.

"నా పెనిమిటి బార్డర్ల ఉంటే నేనీడ కూసొని గుమ్మడికాయ నెత్తి పలగ్గొట్టాల్నా? ఎవ్వనికి పుట్టింది గీ బుద్ధి? మీకు దండం పెడ్త, నేనైతే ముట్ట!"

నలభై గడపల ముందు నలభై గుమ్మడికాయలు అలాగే కూర్చున్నాయి. వాటిని దాటుకుని వెళ్ళడానికి కూడా భయపడి మేం పక్కనుంచి వెళ్ళాం.

కబురు కుటుంబ సంక్షేమ సమితి అధ్యక్షురాలు ఇంద్రాణి మేడం దాకా వెళ్ళింది. ఆవిడ పటాలం పెద్దదొరగారి భార్య. ఆయనా ముందుకే వెళ్ళారు. మమ్మల్నందరినీ హాలులోకి పిలిచి, బల్లమీద ఒక కాయ పెట్టించి, కత్తి చేతబట్టుకుని మాట్లాడారు.

"సోదరీమణులారా! అంతరిక్షంలోకి ఆడపిల్లలు వెళ్తున్న కాలమిది. ఒక కూరగాయ మన భర్తలను ఏం చేయగలదు? మూఢనమ్మకం మీద మొదటి దెబ్బ నేనే కొడుతున్నాను."

కత్తి పైకి లేచింది. కత్తి అక్కడే ఆగింది. మేడం కాయవైపు చూశారు, కాయ మేడంవైపు చూసింది. తరవాత ఆవిడ కత్తిని మెల్లగా బల్లమీద పెట్టి, పమిటచెంగుతో చెయ్యి తుడుచుకున్నారు.

"అయితే ప్రోటోకాల్ ప్రకారం ప్రారంభోత్సవం మేజరుగారి చేతుల మీదుగా జరగడం సముచితం" అన్నారు.

మేజర్ ముకుందరావుగారు వెనక మిగిలిన కార్యాలయానికి అధిపతి. మాటకు ముందు గొంతు సవరించుకోవడం ఆయన అలవాటు, మాట అయ్యాక కూడా సవరించుకుంటారు.

"సైన్యంలో మూఢనమ్మకాలకు తావు లేదు" అన్నారాయన. "ఏ మహిళనూ మూఢనమ్మకం ఆధారంగా కోయమని గానీ, కోయవద్దని గానీ మేము ఆదేశించము. అయితే కోయడం తప్పనిసరి. కావున, మూఢనమ్మకం అనే ప్రశ్నే తలెత్తకుండా ఉండే నిమిత్తం, మొదటి గాటు పురుషుడిచే పెట్టించడానికి నిర్ణయించడమైనది."

"ఏ పురుషుడు సార్?" అని వెనకనుంచి సుజాత.

అప్పుడు పురుషుణ్ణి వెతకడం మొదలైంది.

గేటు దగ్గర కాపలా జవాను ఉన్నాడు. కానీ అతను గేటు వదలకూడదు. కాయల్నే గేటు దగ్గరికి తీసుకెళ్దామంటే, లోపల ఏముందో విప్పి చూడనిదే ఏ వస్తువునీ గేటు దగ్గర ఉంచనివ్వరు. విప్పి చూడాలంటే కొయ్యాలి. వంటవాడున్నాడు గానీ, వంటవాడి కత్తి పడ్డ గుమ్మడికాయ కూరగాయ అయిపోతుంది. కూరగాయలో దీపం పెట్టడానికి నిబంధన లేదు. క్వార్టర్లలో మగపిల్లలున్నారు, పద్దెనిమిదేళ్ళు నిండనివారు కత్తి ముట్టకూడదు. సుబేదారు ఓబులేసుగారు కత్తులు జారీచేసే అధికారి, జారీచేసేవాడే పుచ్చుకోకూడదు. మేజరుగారు తనిఖీ అధికారి, తన గాటును తానే తనిఖీ చేసుకుంటే ఆడిటు ఒప్పుకోదు. బయటినుంచి మనిషిని పిలిస్తే పటాలం ఊళ్ళో లేదన్న రహస్యం పొక్కిపోతుంది. ఆ రహస్యం గేటు ఎదుట సోడాబండివాడికి మాకంటే ముందు తెలుసు. అయినా రహస్యం రహస్యమే.

"అనగా," అన్నారు మేజరుగారు, "పటాలం బలంలో ఉన్నవాడూ, ఆ సమయానికి వేరే విధి లేనివాడూ అయిన ఒక పురుషుడు అవసరం."

అలాంటివాళ్ళంతా సరిహద్దులో ఉన్నారు. అందువల్లే కదా మాకు ఈ పండుగ.

ఆ మర్నాడే పైడిరాజు ఫోను చేశాడు. ఏదో మిషను పాడైందట, దాన్ని ఇక్కడి డిపోలో అప్పజెప్పడానికి వాణ్ణి పంపుతున్నారట. శనివారం తెల్లారి దిగుతాడు, సాయంత్రం బండికి తిరిగి వెళ్ళాలి. మధ్యలో ఒక పగలంతా ఇంట్లో ఉంటాడు.

ఆ పగటిని జోషిత అప్పుడే పంచేసింది. "నాన్న రోజంతా నాకే. అమ్మా, నీకు పొద్దున్న టీ తాగేటప్పుడు కాసేపిస్తాను. నాయనమ్మా, నీకు అన్నం తినేటప్పుడు. పక్కన కూర్చోవాలి గానీ మాట్లాడకూడదు."

"ఓలమ్మా, కన్నతల్లిని నానే గదే. మాటాడ్డానికి కూడా లేదేటి?"

"నువ్వు మాట్లాడితే ఏడుస్తావు. టైం వేస్టు."

నిజమే. నాకు సాగనంపడం తప్ప ఇంకోటి చేతకాదు. మా ఆయనా పటాలంలోనే పనిచేశాడు. ఎన్నిసార్లు వెళ్ళాడో అన్నిసార్లూ తిరిగొచ్చాడు, చివరికి ఇంట్లో మంచం మీదే పోయాడు. అయినా ఇప్పటికీ నాకు కలలోకి వచ్చేది ఆయన వీపే. పెట్టె భుజానికెత్తుకుని గేటు దాటే వీపు.

పైడిరాజు వస్తున్నాడన్న తంతి మేజరుగారి బల్లమీద కూడా పడింది. పటాలం బలంలో ఉన్నవాడు. పురుషుడు. శనివారం పగలు వేరే విధి లేనివాడు. ఆయన బల్ల గుద్దిన చప్పుడు మా వరండాల దాకా వినిపించిందని సుజాత చెప్పింది. గంటలో నోటీసు పడింది: హవల్దారు పైడిరాజు 'ప్రథమ ఛేదన ఇన్‌చార్జి'గా నియమించబడినాడు.

శనివారం తెల్లవారుజామున ముగ్గురం గుమ్మంలో నిలబడ్డాం. హైమ తలలో కనకాంబరాలు, నా చేతిలో దిష్టి తియ్యడానికి ఉప్పూ మిరపకాయలూ. జీపు వచ్చింది. మా గుమ్మం ముందు ఆగకుండా వెళ్ళిపోయింది. వెనక సీట్లోంచి నా కొడుకు తల బయటకు పెట్టి, "అమ్మా, ఇప్పుడే వొచ్చీస్తాను!" అని అరిచాడు. వాడి ఒళ్ళో కత్తుల పెట్టె ఉంది.

పండుగ మైదానం హాలు వెనక ఉంది. చుట్టూ ఇనపవల కంచె, ఒక గేటు. లోపల రేకుల షెడ్డు కింద కాయలన్నీ వరసగా పేర్చారు. మేం వెళ్ళేసరికి గేటు దగ్గర సుబేదారు ఓబులేసుగారు అడ్డంగా నిలబడి ఉన్నారు. కడప మనిషి, మీసం పెద్దది, మనసు మెత్తన. ఆర్డరు చదివేటప్పుడు మాత్రం ఎవరి మొహమూ చూడరు.

"ఈ కార్యక్రమం మగదిక్కు దూరంగా ఉండే కుటుంబాలకు మాత్రమేనమ్మా. మీ ఇంటాయన ఈ పొద్దు ఇక్కడే ఉండాడు. మీకు అర్హత లేదు."

"ఎక్కడున్నారండీ?" అంది హైమ.

"లోపల ఉండాడు."

"మరి మేం లోపలికి వెళ్తాం."

"మీరు లోపలికి పోవల్లంటే ఆయన లోపల ఉండకూడదు గదమ్మా."

"పోనీ ఆయన్ని బయటికి పంపండి. ఇంటికెళ్ళిపోతాం."

"ఆయన బయటికొస్తే కాయలెవరు కోస్తారు?"

అందులో తప్పు వెతికితే దొరకదు. తండ్రి లోపలున్నాడు కనుక కూతురు బయట ఉండాలి. తండ్రులు లేని పిల్లలంతా లోపలికి పరిగెడుతున్నారు. జోషిత పసుపు దుప్పటి కప్పుకుని కంచెకు ముక్కు ఆనించి నిలబడింది.

"నాన్నా! అయిపోయిందా?"

"అయిపోతాదమ్మా! ఎంతసేపు! నలభై గాట్లు!"

వాడు నిజంగానే అలా అనుకున్నాడు. గాటు పెట్టడానికి ఎంతసేపు? కానీ ఆడవాళ్ళు వరసకట్టి వచ్చారు. ఒక్కొక్కరూ కాయకు పసుపు రాశారు. "మా ఆయన పేరు చెప్పి కొయ్యన్నా" అన్నారు. కోశాక కదలలేదు. పటాలంలో తమ మగవాళ్ళను కళ్ళతో చూసి వచ్చినవాడు వాడొక్కడే.

"మా ఆయన ఎట్లున్నడన్నా?" అంది సుజాత, నోరు బాగా తగ్గించి.

"బాగున్నాడమ్మా. సలికి కొంచెం..."

ఓబులేసుగారు గేటు దగ్గరినుంచే దగ్గారు. "చలి అంటే జాగా తెలిసిపోతాది పైడిరాజూ."

"కొంచెం దగ్గొచ్చింది గానీ..."

"దగ్గు అన్నా చలే."

"బాగున్నాడు" అన్నాడు పైడిరాజు.

"తిండి మంచిగ తింటున్నడా?"

"టిన్ను డబ్బాలు..."

"సరఫరా రహస్యం!"

"బాగున్నాడమ్మా. బాగున్నాడు."

అలా ఒక్క మాటే మిగిలింది. కంచె బయట నిలబడి నేను వింటున్నాను. నా కొడుకు ఆ మాటనే ఒకామెకు నవ్వుతూ చెప్పాడు, ఒకామెకు తల వంచుకుని చెప్పాడు, నిండు నెలలతో ఉన్న ఛత్తీస్‌గఢ్ పిల్లకు చెయ్యి గుండెమీద పెట్టుకుని చెప్పాడు. ఆ పిల్లకు తెలుగు రాదు. అయినా కళ్ళు తుడుచుకుని, వెళ్ళి మళ్ళీ వరస చివర నిలబడింది, ఇంకోసారి వినడానికి. ఆమెను చూసి ఇంకో నలుగురు నిలబడ్డారు. వాళ్ళను ఎవరు తప్పుపడతారు? నేనైనా అదే చేసేదాన్ని.

మధ్యాహ్నమైంది. పైడిరాజు నుదుటిమీద చెమట, చేతులకు గుమ్మడి జిగురు, జుట్టులో పీచు. పొద్దుటినుంచీ గుటకెడు టీ తప్ప ఏమీ తాగలేదు. హైమ వండిన చేపల పులుసు ఇంట్లో చల్లారిపోయింది. సగం కాయలు ఇంకా అలాగే ఉన్నాయి. జోషిత ఇప్పుడు కంచె దగ్గర నిలబడలేదు, కింద కూర్చుని ఉంది. "అయిపోయిందా" అని అడగడం మానేసింది. పిల్లలు అడగడం మానేస్తే నాకు భయం.

నేను గేటు దగ్గరికి వెళ్ళాను.

"సుబేదారు బాబూ, మిగిలినవి నాను కోసీస్తాను. నా కొడుకుని ఇడిసిపెట్టండి."

"ఆడోళ్ళు కొయ్యకూడదనే కదమ్మా ఈ రచ్చంతా."

"మీ సర్కారు ఆ మాట నమ్మదు గదా బాబూ."

"నమ్మదు. అందుకే మగోడే కొయ్యాలంటాది."

"మరయితే నన్ను మగోణ్ణి సేసీండి!"

ఒళ్ళు మండి అన్నమాట అది. కానీ ఓబులేసుగారు మీసం దువ్వుకుంటూ ఆలోచనలో పడ్డారు.

"చేయొచ్చు" అన్నారు చివరికి. "ముందొకసారి కొండమీద ఒక కంచరగాడిదను లాన్స్ నాయక్‌గా పరిగణించినాం, రేషన్ కోసరం. మంచి సర్వీసు చేసింది. గాడిదకు సిపాయి ఉద్యోగం ఇచ్చినప్పుడు తల్లికి మగతనం ఇయ్యలేమా?"

ఆ మాటలు విని గేటు దగ్గరికి వచ్చిన మేజరుగారు గొంతు సవరించుకున్నారు. పురుషుడన్నాక ఎత్తు ఉండాలి, ఛాతీ కొలత ఉండాలి, వయోపరిమితి ఉంది అన్నారు.

"సైనికుడిగా కాదు సార్. ఉత్త పురుషుడిగానే" అన్నారు ఓబులేసుగారు.

"పటాలం బలంలో ఉన్నవాడు కావాలన్నాం కదా?"

"వాళ్ళ కొడుకు కోటాలో ఈమె ఇక్కడ ఉండాది సార్. కొడుకు బలమే ఈమె బలం."

మేజరుగారు మైదానం వైపు చూశారు. ఇంద్రాణి మేడం గడియారం చూసుకుంటున్నారు. పైవాళ్ళు పంపిన ఫోటోలు తీసేవాడు వచ్చేశాడు. సగం కాయలకు మొహాలు లేవు.

"రాసుకోండి" అన్నారాయన. "హవల్దారు పైడిరాజు మాతృమూర్తిని, ఈ ఆవరణలో దీపములు వెలిగించబడు క్షణము వరకు, అన్ని అధికారిక ప్రయోజనముల నిమిత్తమూ పురుషుడిగా పరిగణించడమైనది. ఇది పూర్వోదాహరణ కారాదు."

ఆ విధంగా నేను మగవాణ్ణయ్యాను. ఒంట్లో మార్పేమీ తెలియలేదు, మోకాళ్ళు అంతకుముందులాగే నొప్పి పెట్టాయి. గేటు మాత్రం తెరుచుకుంది.

వరసలో ఉన్న ఆడవాళ్ళు నన్ను చూసి గుసగుసలాడారు. వాళ్ళు ఒప్పుకోకపోతే నేనేం చెయ్యగలను? సుజాత నావైపు చూసింది, తరవాత కంచె అవతల కింద కూర్చున్న పసుపు దుప్పటి వైపు చూసింది.

"సర్కారే మొగోడని జెప్పినంక మనదేముంది? నా కాయ కోసిన్రు గాని, ఇగో, వరుసల ఉన్న ఈ ఒదినెది ముందుగాల పెట్టుండ్రి. రా తాతా, రా! కొయ్యి!"

ఆడవాళ్ళందరూ నవ్వారు. ఆ పండుగలో నేను విన్న మొదటి నవ్వు అదే.

పైడిరాజు కత్తి నాకివ్వలేదు. "అమ్మా, నువ్వేటి, నీకు భయం గదా" అన్నాడు మెల్లగా.

"భయమేటిరా. మగోడికి భయమేటి. ఎల్లు, నీ కూతురు గుంట సూస్తంది."

చచ్చేంత భయం వేసింది. కత్తి మొన కాయ మీద ఆనించాను గానీ చెయ్యి దిగలేదు. నలభై యేళ్ళు పిల్లి ఎదురొచ్చినా తుమ్ము వినిపించినా వెనక్కి తిరిగిన మనిషిని. దీనివల్ల ఏమైనా జరిగితే? ఎవరి ఇంట్లో జరిగినా నేనే కదా కారణం? తల్లీ పైడితల్లమ్మా, ఏదన్నా వస్తే నా మీదికి రానీ అనుకుని, ఆ ఇల్లాలి మొగుడి పేరు పైకి చెప్పి, బరువంతా వేసి నొక్కాను. కాయ టప్పున విచ్చుకుంది. లోపల గింజలు, పీచు, పచ్చివాసన. ఇంకేమీ లేదు. "బాగున్నాడమ్మా" అన్నాను. అలా అనే హక్కు నాకు లేదు. అయినా ఆమె తల ఊపింది.

తరవాత కోస్తూనే ఉన్నాను. కోస్తూ కోస్తూ మధ్యమధ్య తలెత్తి చూశాను. ఇప్పుడు కంచెకు లోపల నేను, బయట వాళ్ళు. పైడిరాజు కల్వర్టు మీద కూర్చుని పులుసన్నం తింటున్నాడు. హైమ వాడికి గాలి విసురుతోంది, విసరక్కర్లేదు, గాలి బాగానే ఉంది. జోషితేమో తండ్రి వెనక నిలబడి వాడి జుట్టులోంచి గుమ్మడి పీచు ఒక్కొక్క పోగూ ఏరుతోంది. అంతా అయిపోయాక కూడా ఏరుతూనే ఉంది. వాడు కదలకుండా కూర్చున్నాడు.

ఒక పగలు అనుకున్నది ఒక గంట చిల్లరకు దిగింది. జీపు వచ్చింది.

జీపు మీద రాసి ఉంది: స్త్రీలు, పిల్లలు ఎక్కరాదు. జోషిత తండ్రి మెడ వదలలేదు. "ఏడవకుండా వెళ్ళొస్తాను, స్టేషన్ దాకా" అంది. డ్రైవరు కుదరదన్నాడు. ఆఖరి కాయ కోసి అప్పుడే గేటు బయటికొచ్చిన నా చేతిలో ఇంకా కత్తి ఉంది, మనసులో ఆర్డరు ఉంది.

"నాను ఎక్కొచ్చా బాబూ?" అన్నాను ఓబులేసుగారితో.

ఆయన అటూ ఇటూ చూశారు. మైదానంలో ఒక్క దీపం కూడా వెలగలేదు. "పురుషుడు ఎక్కొచ్చు" అన్నారు. "పురుషుడికి ఒక సామాను అనుమతి కూడా ఉండాది."

సామానును దుప్పటితో సహా ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను. హైమ ఎక్కడానికి వీల్లేదు. తను పైడిరాజు చెయ్యి ఒక్కసారి గట్టిగా పట్టుకుని వదిలేసింది. నాతో మాత్రం, "మీరు నిదానంగా రండి అత్తా. దీపాల సంగతి నేను చూసుకుంటాను" అంది. అదెందుకు చెప్పిందో నాకు అప్పుడు అర్థం కాలేదు.

మా కాలంలో సాగనంపడం గేటు దగ్గర అయిపోయేది. మొగుణ్ణయినా కొడుకునైనా నేను గేటు దాటి సాగనంపలేదు. గేటు అవతల ఏం జరుగుతుందోనని బతుకంతా ఊహించుకుంటూ ఉన్నాను. ఆ సాయంత్రం ప్లాట్‌ఫారం మీద నిలబడి చూశాను. ఏమీ జరగదు. సీటు వెతుక్కుంటారు. నీళ్ళ సీసా కొనుక్కుంటారు. పక్కసీటాయన కాళ్ళు ముడుచుకోమంటాడు. నా కొడుకు కిటికీ ఊచల్లోంచి చెయ్యి బయటపెట్టాడు, పసుపు దయ్యం ఆ చేతిని పట్టుకుని, "నెక్స్ట్ టైం నువ్వు వస్తున్నావని వాళ్ళకి చెప్పకు నాన్నా. డైరెక్టుగా ఇంటికి రా" అంది. వాడు అలాగేనన్నాడు. బండి కదిలాక మనిషి ఎంతసేపు కనిపిస్తాడో ఈ వయసులో తెలుసుకున్నాను. ఎంతోసేపు కనిపించడు.

జోషిత ఏడవలేదు. జీపులో దుప్పటి మొహం మీదికి లాక్కుని, రెండు చిల్లుల్లోంచి దారి చూస్తూ కూర్చుంది.

తిరిగి వచ్చేసరికి చీకటి పడింది. మైదానం కూడా చీకటిగానే ఉంది. వేదిక మీద మేజరుగారు, పక్కన ఇంద్రాణి మేడం, ముందు ఫోటోలు తీసేవాడు. నలభై కాయలు మొహాలతో సహా వరసగా ఉన్నాయి. ఒక్కదానిలోనూ వెలుగు లేదు.

సుజాత పరిగెత్తుకుంటూ వచ్చింది. "అచ్చినవా తాతా! నువ్వు జీపుల ఉండంగ దీపాలు ముట్టిస్తె నిన్ను నడిమిట్ల దించేస్తరని నీ కోడలు జెప్పింది. ఇగ అగ్గిపెట్టెలు తడిసిపాయె. ఒత్తులు దొరకకపాయె. గాలి కూడ మా మాటే ఇన్నది. మేజరు సారు గొంతు పొయ్యింది అరిసీ అరిసీ!"

మేజరుగారు నిజంగానే గొంతు సవరించుకునే స్థితిలో లేరు. "ఇది క్రమశిక్షణారాహిత్యం" అంటున్నారు బొంగురుగా. "ఉత్సాహం నిర్ణీత సమయానికి ప్రారంభం కావలసి ఉంది."

ఇంద్రాణి మేడం ఆయనకు వినపడకుండా నన్ను అడిగారు. "బండి బాగా ఎక్కాడా?"

"బాగున్నాడమ్మా" అన్నాను.

ఆవిడ ముక్కు చీదుకుని, "గాలి ఇంకా తగ్గలేదు మేజరుగారూ" అని వేదిక మీదికి వెళ్ళిపోయారు.

మొదటి దీపం మాదే వెలిగించమని ఆడవాళ్ళు హైమను ముందుకు తోశారు. సుబేదారుగారు జోషితను చెయ్యి పట్టుకుని గేటులోంచి లోపలికి తీసుకొచ్చారు, "ఇప్పుడు రావొచ్చు తల్లీ, అర్హత వచ్చింది" అంటూ. ఎందుకు వచ్చిందో ఆయన చెప్పలేదు. పిల్లా అడగలేదు. మా కాయ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

హైమ పొడిగా ఉన్న అగ్గిపెట్టె కొంగులోంచి తీసింది. అగ్గిపుల్ల గీసింది. చిన్న మంట. దానికి అడ్డంగా అరచెయ్యి పెట్టి, "వెలిగించనా అత్తా?" అంది.

దీపం వెలిగితే నేను ఆడదాన్నవుతాను. నా కొడుకు సరిహద్దులో ఉన్నవాడవుతాడు. కొడుకు బలమే నా బలమన్న ఆర్డరు ఈ మంట ఒత్తిని తాకేదాకా చెల్లుతుంది, అందాకా నా లెక్కలో వాడు ఇక్కడే ఉన్నాడు.

"ఆగవే" అన్నాను. "ఇంకాసేపు."

పుల్ల చివరిదాకా కాలింది. హైమ ఇంకో పుల్ల గీసింది. మేజరుగారు ఏదో అరుస్తున్నారు. ఆడవాళ్ళెవరూ కదలలేదు. జోషిత దుప్పటి చిల్లుల్లోంచి నా మొహంలోకే చూస్తోంది.

నేనింకా తల ఊపలేదు.